కళ్ళు మూసుకుని ఎత్తిన చెయ్యి

అమెరికాలో, చాండ్లర్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత గుడి లేదు. ఒక తెల్లవాళ్ళ గుడిలో పొద్దుటి ఆరాధన అయిపోయాక, మధ్యాహ్నం రెండు నుంచి ఆ హాలు మాకు అద్దెకిచ్చేవారు. పన్నెండేళ్ళు అలాగే నడిచింది. మేం వెళ్ళేసరికి వాళ్ళ కాఫీ వాసన ఉండేది, మేం వచ్చేసేటప్పటికి మా కోడికూర వాసన. దాని గురించి వాళ్ళు ఒక్క మాటా అనలేదు. వెళ్ళేటప్పుడు కిటికీలు కాసేపు తెరవమని వంటగది తలుపుకి చీటీ అంటించారు, అంతే.

ఆ సంఘంలో కీబోర్డు వాయించేది మా మనవరాలు, మా అమ్మాయి కూతురు. దానికి ఆరో నెలలో నేను ఈ దేశం వచ్చాను. తల్లీ తండ్రీ ఆఫీసులకి పోతే నా ఒళ్ళోనే పెరిగింది. నేను కాకినాడ దగ్గర మిషన్ బడిలో అయిదో తరగతి దాకా చదివినదాన్ని, దానికి పాఠాలేం చెప్పగలను? నాకొచ్చిన క్రైస్తవ పాటలన్నీ నేర్పాను. తెలుగు చదవడం రాదు గానీ, నేను ఒకసారి పాడితే చాలు, వేళ్ళతో పట్టేసేది.

ఒకరోజు నన్ను పళ్ళ డాక్టరు దగ్గరకి అదే తీసుకెళ్ళింది. పన్ను పీకించుకుని కారెక్కాను. ఇంజెక్షన్‌కి సగం మొహం మొద్దుబారి ఉంది, నోట్లో దూది. సిగ్నల్ దగ్గర కారాపి అంది:

"అమ్మమ్మా, నువ్వు ఇప్పుడు ఎక్కువ మాట్లాడలేవు కదా, అందుకే ఇప్పుడు చెప్తున్నా. నేను మ్యారీ చేసుకుంటే అమ్మాయినే చేసుకుంటా. జోక్ కాదు. ఆ అమ్మాయి ఉంది కూడా. శాంటా క్లారాలో."

నేను దూది తీసి చేతిలో పట్టుకున్నాను. "మనవాళ్ళేనా?" అన్నాను.

"తెలుగే. హిందూస్."

"హిందువులా!"

"అమ్మమ్మా! నేను చెప్పిందాంట్లో నీకు అదొక్కటే దొరికిందా?" అని స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వింది. వెనక కారువాడు హారన్ కొట్టేదాకా నవ్వింది. తర్వాత, "అమ్మకి చెప్పకు. నేనే చెప్తా, టైం చూసి," అంది. చెప్పనన్నాను. నిజంగానే చెప్పలేదు. ఇంటికొచ్చాక ఆ పిల్ల ఏం తింటుందని అడిగాను. వంకాయ తినదట. పర్వాలేదులే అనుకున్నాను.

అది జరిగిన నాలుగు నెలలకి, ఒక ఆదివారం మేం వెళ్ళేసరికి గుడి గేటుకి పెద్ద బ్యానరు కట్టి ఉంది. ఇంద్రధనుస్సు రంగులు, మధ్యలో ఇంగ్లీషు. ఎవరైనా రావచ్చు, అందరూ సమానమే అని రాశారని, ఆ రంగులు ఆడా ఆడా, మగా మగా పెళ్ళాడేవాళ్ళ గుర్తని మా అల్లుడు చదివి చెప్పాడు. మా పాస్టరుగారు ఆ రోజు బైబిలు వాక్యం సరిగ్గా చెప్పలేకపోయారు. మంచి మనిషే. వారమంతా సాఫ్ట్‌వేర్ పని చేసుకుని, శని, ఆదివారాలు మా కోసం పరుగులు పెడతారు. ఈ ఆవరణలో ఉండాలా, వెళ్ళిపోవాలా అనేది వచ్చే ఆదివారం సంఘమంతా కలిసి తేల్చుకుందామన్నారు.

ఆ వచ్చే ఆదివారం వంటగదిలో అన్నం గిన్నెలు దించుతూ ఆడవాళ్ళందరిదీ అదే మాట.

"నేను ఇండియన్ స్టోర్ వాళ్ళు హోలీకి కట్టారేమో అనుకున్నానే," అంది ఒకామె.

"నీకన్నీ పండగలే. పిల్లలు అడిగితే ఏం చెప్తావ్?"

"మా వాడు నాకే చెప్తున్నాడు ఆంటీ, స్కూల్లో నేర్పారంట. 'మమ్మీ, బీ నైస్' అంటాడు."

అప్పుడు గరిటెలు తుడుస్తున్న ఒక చిన్నావిడ మెల్లగా అంది: "మా మేనేజరు అలాంటాయనే. చాలా మంచోడు. లేఆఫ్‌లో నా పేరుంటే కొట్లాడి తీయించాడు. క్రిస్మస్‌కి ఆయన హస్బెండ్ మా పిల్లలకి కేక్ పంపిస్తాడు."

"అయితే ఇవాళ చెయ్యి ఎత్తవా మరి?"

"ఎత్తుతాను. ఆఫీసు వేరు, సంఘం వేరు కదా ఆంటీ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పక్క గదిలో మా పిల్ల కీబోర్డు సరిచేసుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మా సంఘాల్లో చీటీల మీద ఓట్లు ఉండవు. ప్రసంగం చివర పాస్టరుగారు అందరినీ కళ్ళు మూసుకోమంటారు. వెనక మెల్లగా సంగీతం వస్తుంటుంది. ఒప్పుకున్నవాళ్ళు ప్రభువు ఎదుట చెయ్యెత్తి ఆమెన్ అనాలి. బాప్తిస్మం తీసుకున్న నాటినుంచి ఆ పిలుపుకి నా చెయ్యి లేస్తూనే ఉంది. ఉపవాసానికి, తీర్మానానికి, పాత పాస్టరుగారిని సాగనంపడానికి, అన్నిటికీ. ఎన్నిసార్లు లేచిందో, ఎప్పుడైనా ఆలోచించి లేచిందో లేదో చెప్పలేను.

ఆ రోజూ కళ్ళు మూసుకున్నాను. "ఈ ఆవరణ విడిచి వెళ్ళడానికి సమ్మతించేవారు చెయ్యెత్తండి," అన్నారు. నా చెయ్యి లేచింది. చుట్టూ గాజులు కదిలాయి. సంగీతం చరణం మధ్యలో ఆగిపోయింది.

నేను కళ్ళు తెరిచాను. హాల్లో అందరి కళ్ళూ మూసే ఉన్నాయి. వాయించేవాళ్ళు మాత్రం ప్రార్థనలో కళ్ళు మూయరు, మూస్తే కీబోర్డు మెట్లు కనపడవు. మా పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని నావైపు చూస్తోంది. వాళ్ళమ్మా నాన్నా చేతులు కూడా లేచే ఉన్నాయి, వాళ్ళ వైపు అది చూడటం లేదు.

నాకా నిమిషంలో ఏమీ అనిపించలేదు. అది ఇప్పుడు రాస్తుంటే వింతగా ఉంది గానీ, అబద్ధం రాయలేను. దించాలని తోచలేదు. పాస్టరుగారు దించమన్నాకే దించాను.

తిరిగొచ్చేటప్పుడు దాని కార్లోనే ఎక్కాను.

"నీకు ముందే తెలుసు కదా అమ్మమ్మా."

"తెలుసు."

"తెలిసే ఎత్తావా?"

"అందరూ..." అన్నాను.

"నేను అందర్నీ చూడట్లేదు. నిన్నే చూస్తున్నా," అంది.

తర్వాతి ఆదివారం నుంచి సంఘానికి రాలేదు. రెండు నెలల్లో ఉద్యోగం శాంటా క్లారాకి మార్చుకుంది. వెళ్ళే ముందురోజు వాళ్ళమ్మా నాన్నకి సంగతి చెప్పింది. అల్లుడు బయటికెళ్ళి చాలాసేపు చెట్లకి నీళ్ళు పోశాడు. మా అమ్మాయి నా గదిలోకి వచ్చి నిలబడింది.

"నీకు తెలుసా ఇది?"

"తెలుసు."

"మేం తెలియక ఎత్తాం చెయ్యి. నువ్వు తెలిసి ఎత్తావా?"

అదే ప్రశ్న. కూతురు తన కూతురి తరఫున అడిగిందో, తన మీద తనకే కోపమొచ్చి అడిగిందో.

ఆ రోజులు ఎలా గడిచాయంటే, గడిచాయి. వండేదాన్ని, ఉప్పు వేశానో లేదో తినేవాళ్ళు చెబితేగానీ తెలిసేది కాదు. ఏడుపు రాలేదు. సంఘం ఒక బడి భోజనాల హాల్లోకి మారింది. ఆదివారం ఫోన్ చేస్తే పిల్ల తీసేది. "బాగున్నా అమ్మమ్మా. నువ్వు బాగున్నావా? మందులు వేసుకుంటున్నావా?" బ్యాంకువాళ్ళు మాట్లాడినట్టు మాట్లాడేది.

ఒకరోజు పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేస్తానంటే, ముందు ఒక మాట చెప్పాలన్నాను.

"నా చెయ్యి దించి రాసుకోండి అయ్యగారూ."

"ఏ చెయ్యి అమ్మా?"

"గుడి ఖాళీ చేసినప్పటిది. నాది లెక్కలో తీసేయండి."

ఆయన మా అమ్మాయి మొహం చూశారు, మళ్ళీ నన్ను చూశారు. గొంతు తగ్గించి, "అది అయిపోయింది కదమ్మా. ఏకగ్రీవమని ఆ గుడివాళ్ళకి ఉత్తరం కూడా ఇచ్చేశాం," అన్నారు.

"ఏకగ్రీవం కాదని ఇంకోటి ఇవ్వండి."

"ఒక్క చెయ్యి గురించా?"

"ఒక్కదాని గురించే."

ఆయన తిట్టలేదు. ఇస్తాననీ అనలేదు. ప్రార్థన చేద్దామన్నారు. చేద్దామన్నాను, కళ్ళు తెరుచుకునే చేశాను. ఆయన మొహంలో నిజంగానే బాధ ఉంది.

ఈ సంగతి ఫోన్లో చెబితే పిల్ల, "ఓకే అమ్మమ్మా," అంది. టికెట్ బుక్ చేస్తాను రమ్మంది.

విమానం దగ్గర మా అమ్మాయి నా సంచిలో గోంగూర పచ్చడి సీసా పెట్టింది. ఎవరికో చెప్పలేదు. మూత చుట్టూ టేపు మూడు వరసలు చుట్టింది.

శాంటా క్లారాలో ఆ అమ్మాయి తలుపు తీసి, "అమ్మమ్మ, మీరు టీ కావాలా?" అంది అమెరికా యాసలో. పొట్టి పిల్ల, నవ్వితే బుగ్గ ఒకవైపే సొట్టపడుతుంది. పచ్చడి సీసా చూసి, "ఇది ఓపెన్ చేయాలంటే ఇంజినీర్ కావాలి," అని కత్తెర తెచ్చింది. గోంగూర తింటుంది. వంకాయే తినదు.

మా పిల్ల మాత్రం నన్ను చుట్టాన్ని చూసినట్టు చూసింది. కొత్త తువ్వాలు ఇచ్చింది. నేను లేస్తే, "కూర్చో అమ్మమ్మా, నువ్వెందుకు," అనేది. కంచం నా చేతికే తెచ్చేది. నాలుగు రోజులు నేను ఆ ఇంట్లో ఒక గ్లాసు కూడా కడగలేదు.

అయిదో రోజు పొద్దున్న ఆ అమ్మాయి ఆఫీసుకెళ్ళాక, ఇద్దరం ఉప్మా తింటున్నాం. పిల్ల చెంచాతో కంచంలో గీస్తూ అంది: "ఆ రోజు నీ కళ్ళు క్లోజ్ అయి ఉన్నాయి కదా. అలవాటుగా ఎత్తేశావ్. అంతే కదా?"

నన్ను ఒడ్డున పడేయడానికి పిల్లే చెయ్యి చాపుతోందని తెలుస్తోంది. అవునంటే అయిపోతుంది.

"కళ్ళు మూసుకునే ఉన్నానే. చెవులు మూసుకోలేదుగా. ఏం అడుగుతున్నారో విన్నాను. నువ్వు గుర్తొచ్చావు కూడా. అయినా ఎత్తాను. పక్కనున్నవాళ్ళు ఏమనుకుంటారోనని ఎత్తాను."

అది చెంచా కంచంలో పెట్టేసింది. చెప్పేశాను కాబట్టి ఇంక చెప్పాల్సింది లేదన్నట్టు ఉంది నాకు.

"వావ్," అంది చివరికి. ముక్కు తుడుచుకుంది. లేచి తన కంచం తెచ్చి నా కంచం మీద పెట్టింది.

"నాకు మీటింగ్ ఉంది. ఇవి నువ్వు కడిగేస్తావా? మూకుడు కూడా ఉంది, అడుగంటింది, బాగా రుద్దాలి."

గది తలుపు వేసుకుంది. నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని సింకు దగ్గరకి వెళ్ళాను.