ఒంటిగంటన్నరకే పోయిండు

"మీ అర్దలీ ఇంకా దిగలేదే, ఏమయ్యాడు?"

"పోయిండు."

"పోయాడా? ఎప్పుడు?"

"ఒంటిగంటన్నరకే."

అవతల కొంతసేపు గరగర. "అయ్యో" అన్న మాట వినబడింది. తర్వాత వైర్‌లెస్ సెట్టు మూగబోయింది. అప్పుడు మధ్యాహ్నం మూడుంబావు. మంచు పడుతోంది.

ఆ సరిహద్దు చౌకీకి నేను చేరింది నవంబరులో. తెలుగువాళ్లందరికీ కలిపి ఒకే రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఎనిమిదేళ్లు. కంచరగాడిదల వెంట మూడు రోజుల నడక. పధ్నాలుగు వేల అడుగుల ఎత్తు. తొమ్మిది మందిమి, ఒక రేకుల బంకరు, రెండు కిరోసిన్ స్టవ్‌లు, ఒక సెట్టు. సెట్టు నా పని. కింది క్యాంపుకు గంటన్నర దిగుడు. అక్కడి ఆపరేటరుది గోదావరి జిల్లా. "మీరిద్దరూ మీ భాషలోనే మాట్లాడుకోండి, శత్రువు విన్నా అర్థం కాదు" అని హవల్దార్ ఆజ్ఞ. మాకే అర్థం కాకపోవచ్చని ఎవరికీ తోచలేదు.

యాకోబు మా నర్సింగ్ అర్దలీ. మందమర్రి బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. నాది సుల్తానాబాద్. ఇద్దరివీ క్రైస్తవ కుటుంబాలే. వాడు పొద్దున అయిదింటికి లేచి అందరి ముందూ మోకరించేవాడు. నేను కంబళి ముసుగులో కళ్లు మూసుకునేవాణ్ణి, ఎవరైనా చూస్తే నవ్వుతారని.

"అన్నా, నీ విశ్వాసం గా ట్రంకుపెట్టెలనే ఉన్నదా?"

"ఉంటే నీకేందిరా?"

"ఏం లే. బూజు పడుతది. జర బయటికి తియ్యి, ఎండబెడుదం."

ఆ రోజు కింది క్యాంపులో ఒకడికి ఊపిరాడడం లేదని కబురొచ్చింది. యాకోబు మందుల సంచి భుజానికి వేసుకున్నాడు. మబ్బు దిగుతోంది.

"జరసేపు ఆగరాదురా."

"ఫికర్ చెయ్యకే. నువ్వు ప్రార్థన చెయ్యి, నేను నడుస్త."

నేను చేయలేదు. బ్యాటరీ చూసుకుంటూ కూర్చున్నాను.

మా వైపు 'పోయిండు' అంటే వెళ్లాడని. గోదావరి వైపు మనిషి 'పోయాడు' అంటే చనిపోయాడని. దారిలో వెతకడానికి కింద ఆరుగురు నడుముకు తాళ్లు కట్టుకుని సిద్ధంగా నిలబడ్డారట. నా మాట విని తాళ్లు విప్పారు. శవం కోసం మంచులోకి బతికున్నవాళ్లను పంపరు. మర్నాడు సెట్టు పలికాక ఈ సంగతి తెలిసింది. నాలుగు రోజులు వెతికాం. మందుల సంచి ఒక్కటే దొరికింది. జబ్బుపడ్డవాడు ఆ మందులు లేకుండానే కోలుకున్నాడు.

చౌకీ దిగేదాకా నేను మళ్లీ దేవుడి పేరు ఎత్తలేదు.

ఏప్రిల్‌లో సెలవు దొరికింది. రైలు దిగి మందమర్రి పోయాను. యాకోబు తల్లి క్వార్టరు గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఒక్క ముక్క దాచకుండా అంతా చెప్పాను. చేటలో ఆమె చేతులు ఆగిపోయాయి.

"పోయిండనే అన్నవా, బిడ్డా?"

"అవునవ్వా."

చేట పక్కన పెట్టింది. "తప్పేమన్నవ్? పోయిండు. యాడికి పోయిండో నాకెరుకే." అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే, "జర ప్రార్థన చెయ్యి. నాకు నోరొస్తలేదు" అంది.

గొంతెత్తి ప్రార్థించడం నాకదే మొదలు. నాలుగు మాటలకే ఆగిపోయాను. "ఊఁ, చెప్పు" అంది ఆమె, కళ్లు తెరవకుండానే.

సెలవుకు వచ్చినప్పుడల్లా ఆ గడపకు పోయాను. నౌకరీ వదిలాక నెలనెలా పోయాను. మాటలు ఒకటొకటిగా వచ్చాయి. చివరికి ఆమె సమాధి దగ్గర ప్రార్థన చేసింది నేనే. అందరి ముందూ మోకరించాను. యాకోబు ఉంటే ఏదో ఒకటి అని నవ్వేవాడు.

పటాలం రిజిస్టరులో వాడు చనిపోయిన సమయం ఒంటిగంటన్నర అని ఉంది. ఒంటిగంటన్నరకు వాడు నా ఎదుట వంగి బూటు తాడు బిగించుకుంటున్నాడు. కళ్లు మూస్తే నాకు ఇప్పటికీ అదే కనబడుతుంది. ఆ సమయం దిద్దమని మూడుసార్లు రాశాను. అసలు సమయం చెప్పమని జవాబు వచ్చింది.

అది నాకు తెలియదు.