చివరి నీలం బల్బు

నా చిన్నప్పుడు నన్ను ఎవరూ దొంగ అనలేదు. అనాల్సిన రోజు ఒకటి వచ్చింది. ఆ రోజూ అనలేదు. అందుకే అది ఇప్పటికీ నన్ను కుదురుగా కూర్చోనివ్వదు.

పుదుచ్చేరిలో, ఒర్లియంపేటలో ఉండేవాళ్ళం. మాసి మగం పండగకు ముందురోజు సాయంత్రం, సముద్ర స్నానానికి పోయే సామి మా వీధి మీదుగా ఊరేగి వెళ్ళేవాడు. ఆ ఏడు వీధి పందిరికి లైట్లు కట్టే పని మొదటిసారి మా మేనమామకు అప్పగించారు. మామ మిల్లులో మోటార్ల దగ్గర పనిచేసేవాడు. లైట్లు బాగా వెలిగితే ఏటా ఆ పని ఆయనదే. వెలగకపోతే ఇక వీధిలో తలెత్తుకోలేడు.

సీరియల్ సెట్టు ఆయనే సొంతంగా చేశాడు. రంగులు పూసిన నలభై చిన్న బల్బులు, ఒకదాని వెనక ఒకటి, ఒకే తీగలో. చివరి బల్బు నుంచి బల్బుల్లేని వట్టి తీగ ఒకటి వెనక్కి ప్లగ్గు దాకా వచ్చేది. అది ఎందుకో నేను పట్టించుకోలేదు. నా కళ్ళు చివరి నీలం బల్బు మీద ఉన్నాయి. మామ అన్నానికి పోగానే దాన్ని తిప్పి తీసుకున్నాను. మా టార్చిలైటులో మాడిపోయిన బల్బుకు మా అన్న రాసుకునే సిరా పూసి దాని చోట బిగించాను.

నా లెక్క నాకుంది. వీధి కుళాయి చూసి పెరిగినదాన్ని. పైపు చివర మూసుకుపోతే చివరి ఇంటికే నీళ్ళు రావు, ముందరి ఇళ్ళకు వస్తాయి. కరెంటూ అంతే అనుకున్నాను. చివరిదొక్కటి వెలగకపోతే, మామిడాకుల చాటున ఎవరికి కనబడుతుంది?

సాయంత్రం మామ స్విచ్చి వేశాడు. ఒక్కటీ వెలగలేదు.

"ఏంది అన్నా, సామి సముద్రంలో మునిగి తిరిగొచ్చేస్తాడు, నీ లైట్లు ఇంకా నిద్ర లేవలా?" అని ఎదురింటి అత్త నవ్వింది.

మామ ప్లగ్గు పీకేశాడు. రెండు టార్చి సెల్లులు, ఒక తీగ ముక్క పట్టుకుని స్టూలెక్కి, మొదటి బల్బు నుంచి ఒక్కొక్కటే తీసి చూడసాగాడు. మినుకుమంటే తిరిగి బిగించడం, స్టూలు జరపడం, తర్వాతిది తీయడం. దూరంగా మేళం వినబడుతోంది. ఏది చచ్చిందో నాకు తెలుసు. పావడా బొడ్డులో దోపుకున్న నీలం బల్బు కడుపుకు గుచ్చుకుంటోంది. కూర్చున్నాను, లేచాను, గడప దాకా పోయి మళ్ళీ వచ్చాను. పదకొండోది. పన్నెండోది. మామ చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది.

పదిహేనో బల్బు దగ్గర ఇక నావల్ల కాలేదు. నీలం బల్బు తీసి ఆయన కాళ్ళ పక్కన స్టూలు మీద పెట్టాను.

"చివరిది మామా," అన్నాను. "చివరిదొక్కటే తీసినా. ముందరివన్నీ ఎందుకు చచ్చినాయి?"

మామ చేతిలోని బల్బు బిగించాడు. దిగి, గోడకు ఆనించిన సైకిలు దగ్గరికి నన్ను తీసుకుపోయి చైను మీద వేలు పెట్టాడు.

"కుళాయి అనుకున్నావా పాపా? ఇది చైను. లింకులన్నీ ముందే ఉండాయి. తొక్కితే అన్నీ ఒకేసారి కదుల్తాయి. యాడ తెగినా ఏదీ కదలదు. తీగలో ఉండే కరెంటూ అంతే. ఆ వట్టి తీగలో తిరిగొచ్చే దారి ఉంటేనే ముందుకు పోతుంది. పో, నువ్వే బిగించు."

ఆయన స్టూలు పట్టుకుంటే నేను బిగించాను. ఆయన పోయి ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. మొదటిదీ చివరిదీ ఒక్కసారే వెలిగాయి. మేళం వీధి మలుపు తిరిగింది.

"తప్పు యాడుండింది అన్నా?" అని అత్త అడిగింది.

"చివర ఒకటి మాడిపోయి ఉండింది," అన్నాడు మామ. అబద్ధం కాదు. దాన్ని అక్కడ పెట్టిందెవరో మాత్రం చెప్పలేదు.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. మనవరాలి సైన్సు పుస్తకంలో ఒక సెల్లు, ఒక బల్బు, వాటిని చుట్టి వచ్చే గీత కనబడ్డాయి. పక్కనున్న మాటలు కూడబలుక్కుని చదివాను. గీత మాత్రం చదవాల్సిన పని లేకపోయింది.

ఇంట్లో ఏదైనా ఆగిపోయి అందరూ వెతుకుతుంటే నాకు ఇప్పటికీ కాలు నిలవదు. చెయ్యి ముందు నా బొడ్డు దగ్గరికే పోతుంది, తడిమి చూసుకోవడానికి.