నల్ల అంచులూ, ‘నేనే’ బాబాయీ

మా ‘నేనే’ బాబాయికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎక్కడ ఏ తప్పు జరిగినా, అదేమిటో పూర్తిగా తెలియకముందే, “నేనే” అని ఒప్పేసుకుంటాడు.

ఆయన నాకు సొంత బాబాయి కాదు. మందు సీసాల లేబుళ్ళు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. కాగితం కోసేవాళ్ళ దగ్గర్నుంచి ఓనరు దాకా అందరికీ బాబాయే. ఆ ప్రెస్సు కంప్యూటర్లు బాగుచేసేది నేను గనక నాకూ బాబాయి అయ్యాడు. అచ్చులో తలకట్టు ఎగిరిపోతే ఇట్టే పట్టేసే మనిషి, తప్పు ఎవరిదో మాత్రం జన్మలో సరిగ్గా చెప్పడు. టీలో పంచదార తక్కువైతే నేనే. తెల్ల కాగితం మీద గ్రీజు మరక పడితే నేనే. ఓసారి వీధి వీధంతా కరెంటు పోయింది. ఫ్యూజు ఎవరు పీకారని ఓనరు గొంతు లేచీ లేవకముందే, కళ్ళజోడు సర్దుకుంటూ “నేనేనండీ” అన్నాడు. కిటికీలోంచి చూస్తే ఎదురింటివాళ్ళూ చీకట్లోనే ఉన్నారు. వాళ్ళకి కూడా ఓ మాట చెప్పి వస్తానని చెప్పులేసుకున్నాడు.

వినేవాళ్ళకి నవ్వులాటగానే ఉంటుంది. పడేవాణ్ణి నేను. మా పనిలో మొదటి ప్రశ్న ఎవరు ఏం ముట్టుకున్నారని. దానికి నిజం చెబితే సగం రిపేరు అయిపోయినట్టే. కడుపునొప్పి ఒకడిదైతే పక్కవాడు లేచి నాలుక చాపితే డాక్టరు ఏం చేస్తాడు? ఆ ప్రెస్సులో నా గతి అదే.

ఆ రోజు పొద్దున్నే రమ్మని కబురు. వెళ్ళేసరికి లేబుళ్ళు తయారుచేసే ఆవిడ కంప్యూటరులో బొమ్మంతా మధ్యకి ముడుచుకుపోయి ఉంది. చుట్టూ నాలుగువైపులా బెత్తెడు నల్ల అంచు. ఇంకెక్కడైనా అయితే ఇది చిన్న విషయం. కానీ ఆ ప్రెస్సులో ఒక ఆచారం ఉంది. లేబులు కొలత సరిపోయిందో లేదో స్కేలుతో చూడరు. అసలు మందు సీసానే తెచ్చి మానిటర్ అద్దానికి ఆనించి చూస్తారు. బొమ్మ కుంచించుకుపోతే లేబులూ చిన్నదిగా కనిపిస్తుంది కదా. ఆవిడ కొత్తగా చేరింది. సీసాకి సరిపోయేదాకా లేబుల్ని సాగదీసింది. అది అలాగే అచ్చయి, మందుల కంపెనీకి వెళ్ళి, సీసా చుట్టూ తిరిగి తన మొదటి నిలువు వరసని తనే కప్పేసుకుంది. ఆ వరసలోనే ఉంది, మందు పూటకి ఎంత వేసుకోవాలో.

కంపెనీవాళ్ళు సరుకంతా తిప్పి పంపారు. ఓనరు ముఖం జేగురించింది. ఈ కంప్యూటరు కెలికినవాళ్ళు ఎవరైనా సరే, ఈ పూటే ఇంటికి పోవాలని అందరి ముందూ అనేశాడు. ఆవిడ అన్నం డబ్బా సంచిలో పెట్టేసుకుంది. ఇల్లు ఆవిడ జీతం మీదే నడుస్తోందని ప్రెస్సులో అందరికీ తెలుసు.

“నేనేనండీ,” అన్నాడు బాబాయి.

“మీరు ఊరుకోండి బాబాయ్. ఈసారి మీ మాట నమ్మను,” అని ఓనరు నావైపు తిరిగాడు. “ఎవరు చేశారో నువ్వు తేల్చి చెప్పు. నువ్వు ఎవరంటే వాళ్ళే.” కంపెనీవాళ్ళని బతిమాలుకోవడానికి ఫోను పట్టుకుని బయటికి వెళ్ళాడు.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. బాబాయి చిన్న గొంతుతో, మానిటర్ తుడుస్తుంటే కింద ఏదో మీట తగిలిందన్నాడు. నమ్మాను. నాకు బుద్ధి లేదు. మానిటర్ మీటలన్నీ నొక్కి చూశాను. వెలుగు తగ్గింది, పెరిగింది, అక్షరాలు ఎర్రబడ్డాయి. అంచు మాత్రం కదల్లేదు.

అయితే వెనక వైరు తను లాగడమే కారణమై ఉంటుందన్నాడు. బల్ల కింద దూరి, దుమ్ము తిని, కొత్త వైరు పెట్టాను. బయటికి వస్తూ బల్లకి తల కొట్టుకున్నాను.

“నేనే,” అన్నాడు.

“నా తల నేనే కొట్టుకున్నాను బాబాయ్.”

“బల్ల అక్కడ వేయించింది నేనే కదా.”

పళ్ళు నూరుకుని మళ్ళీ కూర్చున్నాను. ఈసారి అక్షరాలు పెద్దవి చేద్దామని ఏదో మార్చానన్నాడు. ఏది మార్చారంటే చూపించలేడు. చెయ్యి మౌసు మీద పెట్టమంటే, తిరగేసి పట్టుకున్నాడు. స్క్రీను కొలతలన్నీ ఎక్కించి దించాను. అంచు నన్ను చూసి నవ్వుతూనే ఉంది.

“బాబాయ్, మీకు దండం పెడతాను. ఒక్క నిజం చెప్పండి.”

ఆయన బల్లమీది ప్రూఫు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. “ప్రూఫు చూసినప్పుడు అక్షరాలు పెద్దగా కనిపించాయి అబ్బాయ్. నా కళ్ళు బాగుపడ్డాయనుకుని సంతోషించాను.”

అది మాత్రం నిజమే. రిపేరుకి పనికిరాని నిజం.

ఇక ఆయన చెప్పినవన్నీ చెత్తబుట్టలో వేసి, నా పద్ధతిలో నేను వెతికాను. బొమ్మని అద్దానికి తగ్గట్టు సాగదీసే, కుదించే మీట ఒకటి సెట్టింగుల్లో లోపలెక్కడో ఉంటుంది. దాన్ని ఎవరో పనిగట్టుకుని వెనక్కి లాగారు. వేలు తగిలితే జరిగే పని కాదది. మీటని ఈ చివరికంటా తోశాను. బొమ్మ అద్దమంతా నిండింది. కాకపోతే కింద మూల గడియారం సగానికి తెగింది.

అప్పుడే ఓనరు చెవి దగ్గర ఫోనుతో లోపలికి తొంగిచూశాడు. “మళ్ళీ గడియారం తెగిందేంటి? పోయినవారం ఓ సాయంత్రం అందరూ వెళ్ళాక నేనే కదా సరిచేసి పెట్టాను,” అని, అవతలివాళ్ళు ఏదో అడిగేసరికి అటు మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. తనేమన్నాడో తనకే తెలియలేదు.

నేను బాబాయివైపు తిరిగాను. ఆయన చేతిలో ఉన్న ప్రూఫుని మహా శ్రద్ధగా చదువుతున్నాడు. తలకిందులుగా పట్టుకుని.

“మీకు ముందే తెలుసు,” అన్నాను.

“ఆ సాయంత్రం గొడుగు మర్చిపోయి వెనక్కి వచ్చాను. అప్పుడు కెలుకుతున్నాడు.”

“తెలిసి నన్ను బల్ల కిందికి పంపారా?”

“మెల్లగా మాట్లాడు. అందరి ముందూ అంతమాట అనేశాడు. తనే అని తేలితే పాపం ఏ ఇంటికి పోతాడు? ఆ ఉక్రోషం ఎవరిమీదో ఒకరిమీద పడుతుంది. అదిగో, ఆవిడ అప్పుడే డబ్బా సర్దేసుకుంది. నేను ఒప్పుకుంటే తిట్టుతో పోతుంది అబ్బాయ్. ఆవిడమీదికొస్తే కూడు పోతుంది.”

నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ ఈయన్ని వెర్రిబాగులవాడని అనుకుని, జాలిపడి, విసుక్కుని, ఇంటికి వెళ్ళి కథలుగా చెప్పుకుని నవ్వాను. ఆ ప్రెస్సులో ఇంతకాలంగా ఒక్కరి ఉద్యోగమూ పోలేదని ఒక్కనాడూ గమనించలేదు. మీటని కాస్త వెనక్కి జరిపాను. గడియారం పూర్తిగా కనిపించింది, అంచు లేదు.

ఓనరు ఫోను పెట్టేసి వచ్చాడు. కంపెనీవాళ్ళు మళ్ళీ అచ్చువేసి ఇస్తే చాలన్నారట. అయినా మాట మాటే అన్నట్టు చేతులు కట్టుకున్నాడు. “తేలిందా? ఎవరు?”

ఆవిడ సంచి పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

“నేనేనండీ. పోయినసారి వచ్చినప్పుడు సెట్టింగు సరిగా పెట్టలేదు.”

బాబాయికి కోపం రావడం నేను మొదటిసారి చూశాను. “అబద్ధాలాడకు అబ్బాయ్. చేసింది నేను.”

“నేను చెబుతున్నాను కదా బాబాయ్.”

“ఈ ప్రెస్సులో నీకంటే ముందునుంచీ ఉన్నాను. ఆ తప్పు నాది.”

సొంత పొలం గట్టు దగ్గర తగువాడుకుంటున్నట్టు ఇద్దరం తగులుకున్నాం. ఓనరు మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. తర్వాత మానిటర్ చూశాడు. కింద మూల నిండుగా కనిపిస్తున్న గడియారం దగ్గర ఆయన చూపు ఆగిపోయింది. చెయ్యి మౌసు దాకా వెళ్ళి, అక్కడినుంచి మెల్లగా జేబులోకి పోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

“డబ్బా లోపల పెట్టండమ్మా,” అన్నాడు ఆవిడతో. “పని చూసుకుందాం. అసలు అద్దానికి సీసా ఆనించి చూసే పద్ధతి పెట్టిందెవరు? నేనే కదా. తప్పు నాదే.”

హమ్మయ్య, ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆవిడ సంచిలోంచి డబ్బా తీసింది.

“కాదండీ,” అన్నాడు బాబాయి. “ఆ పద్ధతి నేనే పెట్టాను. మీ నాన్నగారి హయాంలో.”

ఓనరు నుదురు పట్టుకున్నాడు. “మా నాన్న హయాంలో ఇక్కడ కంప్యూటర్లే లేవు బాబాయ్.”

బాబాయి కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

“లేకపోవడం కూడా నా తప్పేనండీ,” అన్నాడు.