సరేగారు

ఆఫీసులో ఆయన్ని అందరూ సరేగారంటారు. తెరమీద ఏ ప్రశ్న వచ్చినా చదవడు. మెడలోని ఐడీ కార్డు తాడుతో కళ్ళజోడు తుడుచుకుంటూ ‘సరే’ నొక్కేస్తాడు. తన అనుభవమంతా ఆ వేలి కొసనే ఉందని నమ్మకం. నీటి పంపు పనితీరుని కంప్యూటర్‌లో చూపే సిమ్యులేషన్ మోడల్‌ని కొనేవాళ్ళ కోసం ఎక్స్‌పోర్ట్ చేస్తూ, ఏ ప్రాసెసర్‌కని తెర అడిగినా అంతే: ముందే టిక్కు పెట్టి ఉన్న కొత్తరకం, అరవైనాలుగు బిట్లకే. తీసుకెళ్ళి చూపిస్తే, వాళ్ళ ల్యాబులో అది తెరుచుకోలేదు.

“మీ మిషను పాతదమ్మా,” అన్నాడు జాలిగా.

“అందుకేగా సార్, ముప్పైరెండు బిట్లకి చెయ్యమని మొత్తుకున్నాం! ఇప్పుడైనా మార్చండి, లేకపోతే ఆర్డరు పోతుంది,” అంది అక్కడి ఇంజనీరు.

ల్యాప్‌టాప్ తెరిచాడు. అదే ప్రశ్న వచ్చింది. కళ్ళజోడు తుడుచుకుంటూ ‘సరే’ నొక్కాడు. మోడల్ మళ్ళీ మొరాయించింది.

“అయితే ఈ పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తామండీ.”

ఆయనింకా కళ్ళజోడు తుడుస్తూనే ఉన్నాడు. “సరే,” అన్నాడు.