లేదని రాయించిన ఖాలా

మంగళవారం పొద్దున పలకల ఫ్యాక్టరీలో మిషను కాడ ఉండగా ఫోన్ వచ్చింది. ఖాలా కోడలు. "మా అత్తమ్మ పోయినారు. సాయంత్రం అసర్ నమాజు అయినాక తీసుకపోతారు. చూసేదుంటే రా" అన్నది. సూపర్‌వైజరును సెలవడిగితే "ఆమె నీకేమవుతాది?" అన్నాడు. వాళ్ళు సాయిబులు, మేము గొర్రెలోళ్ళం. ఏమవుతాదని చెప్పాలి. ఖాలా అంటే వాళ్ళ మాటలో పిన్నమ్మ. "పిన్నమ్మ" అన్నా. సగం కూలి కట్ అన్నాడు. చేసుకో అని వచ్చేసినా.

మార్కాపురంలో ఖాలా తెలియనోళ్ళు తక్కువ. తహసీల్దారు ఆఫీసు ఎదురు సందులో, తన ఇంటి ముందు గదిలో కూచుని అర్జీలు టైపు చేసేది. మొదట టైపు మిషను, తర్వాత కంప్యూటర్. ఆదాయం సర్టిఫికెట్టుకు, పింఛనుకు, పొలం కాగితానికి జనం వచ్చేవాళ్ళు. టైపు చేసినాక ప్రతి ముక్కా వేలు పెట్టి పైకి చదివి "ఇది నిజమేనా?" అని అడిగేది. కాదంటే ప్రింటు తీసేది కాదు. ఆ అలవాటు వల్ల సగం గిరాకీ పక్క దుకాణానికి పోయింది. ఆమె పట్టించుకోలేదు.

నేను ఇంటర్ అయినాక పలకల పనికి చేరినా. ఇంగ్లీషు ఫోన్లో చూసి నేర్చుకున్నా. అట్ల చూస్తా చూస్తా అమెరికాలో కొన్ని పెద్ద యూనివర్సిటీలు ఉన్నాయని తెలిసింది. సీటు రావడం చానా కష్టం. కానీ వస్తే, ఇంట్లో డబ్బు లేదని రుజువు చేస్తే, బయటి దేశం పిల్లలకు కూడా ఖర్చంతా వాళ్ళే పెట్టుకుంటారు. బస్టాండు కాడ కన్సల్టెన్సీ ఆయన్ని అడిగితే నవ్వినాడు. "ఊరికే ఇస్తే మేమెందుకమ్మా ఉండేది?" అన్నాడు. ఖాలా నవ్వలేదు. "ఆ సాయం అడిగే ఫారం చూపించు" అన్నది.

పని నుంచి రాతిదుమ్ముతో పోయేదాన్ని. వేరే దుకాణాల్లో నన్ను గడప బయటే నిలబెట్టేవాళ్ళు. ఖాలా తన కుర్చీ ఇచ్చి, తను స్టూలు మీద కూచునేది. నేను లేచినాక నాకు కనబడకుండా కీబోర్డు తుడుచుకునేది. కనబడేది నాకు.

ఆ ఫారం తయారుచేసినోళ్ళ మీద నాకింకా కోపమే. మీ నాయనకు నెలజీతం ఎంత. కార్లు ఎన్ని. రిటైరైనాక బతకడానికి ఎంత దాచినారు. రాచర్ల పక్కన గొర్రెలు కాసే మనిషికి నెలజీతం యాడుంటాది?

"సెలవులకు మీ ఇంట్లోవాళ్ళు యాడికి పోతారంట" అని చదివింది ఖాలా.

"కంభం చెరువు కాడికి."

"సెలవులకా?"

"గొర్రెలకు నీళ్ళకు."

చానాసేపు నవ్వింది. తర్వాత సున్నా కొట్టింది. "లేదు గదా బేటీ, లేదని రాయి. లేనిది రాసేదానికి సిగ్గెందుకు?"

అంతా బాగానే పోయింది, బ్యాంకు కాగితం కాడ తప్ప. మా దిక్కు అమెరికా పోయేవాళ్ళు వీసా కోసం డబ్బు చూపిస్తారు. చుట్టాలు తలా కొంత ఖాతాలో వేస్తారు, బ్యాంకోళ్ళు బ్యాలెన్స్ కాగితం ఇస్తారు, మూడోరోజు ఎవరిది వాళ్ళు తీసుకుంటారు. కన్సల్టెన్సీ ఆయన చెప్పినాడని నాయన కూడా అట్లనే చేసినాడు. ఆ కాగితం మడత పడకుండా తెచ్చి నా చేతికిచ్చినాడు. జీవితంలో అంత బ్యాలెన్స్ ఆయన పేరు మీద ఎప్పుడూ లేదు.

"ఇది పంపొద్దు" అన్నది ఖాలా. "నువ్వు లేదని అడుగుతాండావు. ఇది ఉందని చెప్తాది."

నేను పంపినా. నాయన మొగం గుర్తొచ్చి, నేను అద్దెకుండే గది కాడ ఫోన్లో నేనే ఎక్కించినా. ఆ తప్పు ఎవరి మీదా పెట్టను.

సీటు వచ్చింది. సాయం రాలేదు. మీ కుటుంబం చూపిన డబ్బును బట్టి మీకు అవసరం కనబడలేదని రాసినారు. మళ్ళీ అడుక్కోవడానికి పదిరోజులు గడువు. ఖాలా ఒక్క మాట తిట్టకుండా ఉత్తరం టైపు చేసింది: ఆ డబ్బు మాది కాదు, చూపించడానికి పెట్టి తీసినాము. కింద నాయన సంతకం కావాల. పిలిపించినాం.

"ఏందక్కా ఇది. నేను దొంగనని నేనే రాసిచ్చేదా?" అన్నాడు నాయన.

"దొంగవని యాడుంది తమ్ముడా? డబ్బు నీది కాదని ఉంది."

"ఊర్లో అందరూ చూపిస్తారు. ఎవరన్నా ఇట్ల రాసిచ్చినారా?"

"వాళ్ళు అప్పు చేసి పోయేవాళ్ళు. నీ బిడ్డ లేదని చెప్పి పోతాంది. రెండూ ఒకటి కాదు."

నాయన కండువా దులుపుకుని లేచిపోయినాడు. మళ్ళా ఆ ఇంటి గడప తొక్కలేదు. నేను ఖాలా మీద పడినా. "ఎన్ని సంతకాలు చూసింటావు, నాయనది ఒకటి నువ్వే పెట్టలేవా?"

"పెట్టగలను. మొదట డబ్బు అబద్ధం, ఇప్పుడు సంతకం అబద్ధం. ఇంక నీ దాంట్లో వాళ్ళు నమ్మేదేముంటాది?"

నేను తలుపు విసిరికొట్టి వచ్చినా. గడువు దాటింది, సీటు పోయింది. నెలరోజులు ఆ సందులోకి పోలేదు. ఒకరోజు ఫ్యాక్టరీ గేటు కాడికి ఆయాసపడతా ఆమే వచ్చింది, టిఫిన్ డబ్బాతో. "కోపం ఉంటే ఉండనీ. తిని కోపపడు" అన్నది. "వచ్చే ఏడు మళ్ళా రాద్దాం. ఈసారి మీ నాయన్ని పక్కన కూచోబెట్టుకుని రాద్దాం." సరే అన్నా. క్షమించమని మాత్రం అడగలేదు. తర్వాత అడుగుదాంలే అనుకున్నా.

ఆ మంగళవారం వాళ్ళింట్లో ఆడవాళ్ళ మధ్య కూచుని ఆమె మొగం చూసినా. వాళ్ళల్లో ఆడవాళ్ళు సమాధి కాడికి పోరు. మగవాళ్ళు ఎత్తుకున్నప్పుడు గడప దాకా వచ్చి నిలబడినా. టోపీల మధ్యలో ఒక కండువా తల కనిపించింది. నాయన. పొద్దున ఫోన్లో చెప్తే ఊ అని కూడా అనకుండా పెట్టేసినాడు. గొర్రెలను ఎవరికి అప్పజెప్పి వచ్చినాడో.

పొద్దుగూకే ముందు తిరిగొచ్చి సందు మొదట్లో నా పక్కన నిలబడినాడు.

"మూడు పిడికిళ్ళ మట్టి వేయమన్నారు. రెండు నేను వేసినా. ఒకటి నీ బదులు" అన్నాడు.

బస్టాండు దాకా ఇద్దరం నడిచినాం. బస్సు కాడ అడిగినాడు, "ఆ ఫారం మళ్ళా ఎప్పుడొస్తాది?"

"అక్టోబరులో."

"వచ్చి కూచుంటాలే. ఉన్నది ఉన్నట్టే చెప్తా."

"టైపు చేసేదెవరు, చదివి నిజమేనా అని అడిగేదెవరు?" అన్నా. మెత్తగా అనలేదు. అలిసిపోయి ఉన్నా.

నాయన కంభం బస్సెక్కి కిటికీ పక్కన కూచున్నాడు. బస్టాండులో కుళాయి ఉంది, నీళ్ళు కూడా వస్తాండాయి. ఆయన చేతులు కడుక్కోలేదు. కిటికీ కమ్మీ పట్టుకున్న ఆ వేళ్ళ సందుల్లో ఎర్రమట్టి ఇంకా తడిగానే ఉంది.