ముగ్గురికి పంపిన ఫొటో

నున్జియా పెళ్లి గౌన్లు కుట్టేది. రేవు వెనక సందులో కొట్టు. ఆ ఊరి చర్చి మెట్లెక్కిన పెళ్లికూతుళ్లలో సగం మంది ఆమె కుట్టిన గౌన్లలోనే ఎక్కారు. తన గౌను కుట్టుకునే యోగం మాత్రం ఆమెకు పట్టలేదు. పడవల ఇంజన్లు బాగుచేసే కోజిమో ఏళ్ల తరబడి ఆమెతోనే ఉన్నాడు. పెళ్లి మాటెత్తితే, వచ్చే వేసవికి చూద్దాంలే అనేవాడు. అలాంటి ఒక వేసవిలోనే బట్టలు సర్దుకుని ఇమ్మా ఇంటికి వెళ్లిపోయాడు.

ఇమ్మా పరాయిది కాదు, బడిలో నున్జియా పక్కన కూర్చున్నదే. మందుల షాపులో పని. వయసులో చిన్నదైతే మగబుద్ధి అనుకుని ఊరుకునేది. డబ్బున్నదైతే ఆశ అనుకునేది. ఇమ్మాది తన ఈడే, తనలాగే నడుం లావెక్కిన మనిషి. మరి ఏం చూసి వెళ్లాడు? అదే ఆమెకు మింగుడుపడలేదు. తనతో వీధిలో నడిచేటప్పుడు చెయ్యి పట్టుకోవడానికి కూడా సిగ్గుపడ్డవాడు, ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు ఇమ్మా చేతిసంచి భుజాన వేసుకుని రేవు పొడవునా తిరుగుతున్నాడు.

అతను వదిలేసి వెళ్లిన పాత ట్యాబ్లెట్ ఒకటి కొట్టులో ఉండిపోయింది. గౌన్ల నమూనాలు చూపించడానికి నున్జియా దాన్ని వాడుకునేది. కోజిమో ఫోన్‌లోకి వచ్చే ఫొటోలన్నీ దాన్లోకీ వచ్చి పడుతున్నాయని కొన్నాళ్లకు తెలిసింది. తెలిశాక కూడా తిరిగి ఇవ్వలేదు. వాళ్లు ఎక్కడ తిన్నారు, ఏ తీరంలో ఈదారు, అన్నీ చూసేది. చూసినకొద్దీ కడుపు రగిలేది, చూడకపోతే చెయ్యి ఆడేది కాదు.

ఒక మధ్యాహ్నం పెళ్లికూతురి ముసుగుకి లేసు కుడుతుండగా ఇమ్మా ఫొటో వచ్చింది. అద్దం ముందు, ఒంటి మీద నూలుపోగు లేకుండా, నవ్వుతూ నిలబడి ఉంది. నున్జియాను కోసింది ఆ ఒళ్లు కాదు, ఆ నవ్వు. దాన్లో బెరుకన్నది లేదు. అన్నేళ్లలో ఒక్కనాడూ తను కోజిమో ముందు దీపం ఆర్పకుండా బట్టలు మార్చుకోలేదు.

ఆ ఫొటోను ముగ్గురు స్నేహితురాళ్లకు పంపింది. కింద ‘చూడండి మన మందుల షాపు మహారాణిని’ అని రాసింది. గుండెల మీంచి బరువు దిగినట్టయి, కాఫీ కాచుకుని తాగింది.

ఆదివారానికల్లా ఫొటో ఊరంతా తిరిగింది. చేపల బజారులో మగవాళ్లు ఫోన్ల మీదికి తలలు వంచి నవ్వారు. ఇమ్మా షాపుకి రావడం లేదని విని నున్జియా ఆ పూట తృప్తిగా భోంచేసింది. ఇక తలుపులేసుకుని ఏడుస్తుంది, లేదా ఊరొదిలి పోతుందనుకుంది. ఇమ్మా పోలీసు స్టేషన్‌కి వెళ్లింది.

పోలీసు అధికారి నున్జియా కొట్టు దగ్గరికి వచ్చి ఫోన్‌తో పాటు ట్యాబ్లెట్ కూడా స్వాధీనం చేసుకున్నాడు. ఊళ్లో పాతకాపే, మర్యాదగానే మాట్లాడాడు.

“ఊరంతటికీ నేను పంపలేదండీ, ముగ్గురికే పంపాను. ఫొటో నేను తీసింది కూడా కాదు,” అంది నున్జియా.

“ఒక్కరికి పంపినా నేరమేనమ్మా. తీసినవాళ్లకే కాదు, చేతికొచ్చినదాన్ని ఎదుటివాళ్లకి చెడు చెయ్యాలని పంపినవాళ్లకీ అదే శిక్ష. మహారాణి అని రాశారు కదా, ఎందుకు పంపారో అదే చెబుతోంది.”

“అలాంటి ఫొటో దిగింది తనే కదా?”

“దిగడం నేరం కాదమ్మా,” అన్నాడాయన.

స్నేహితురాళ్లు ముగ్గురూ ఆమె పేరే చెప్పారు. ఫొటోను ఇతరులకు పంపిన మరికొందరి మీద కూడా కేసులు పడ్డాయి. వాళ్ల ఇళ్లవాళ్లు నున్జియా ఎదురైతే రోడ్డు దాటి అవతలకు వెళ్లేవారు. పెళ్లికూతుళ్ల తల్లులు సగం కుట్టిన గౌన్లు పట్టుకుపోయారు. తన తల్లి పోరు పడలేక కోజిమో ఇమ్మాను వదిలేశాడని కూడా తెలిసింది. ఎంత తప్పనుకున్నా నున్జియా ప్రాణం లేచి వచ్చింది. ఆ వారమంతా అతనికిష్టమైన ఆక్టోపస్ కూర వండి ఎదురుచూసింది. అతను రాలేదు. కోర్టులో ఇమ్మా తరఫున సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్నాడని ఆమె వకీలు చెప్పాడు.

విచారణ రోజు వరండాలో ఇమ్మా ఒక్కతే కూర్చుని ఉంటే, నున్జియా పక్కన చేరింది.

“కేసు వెనక్కి తీసుకోవే. వాడు నీ దగ్గరా లేడు, నా దగ్గరా లేడు. ఇంక మనకెందుకీ గొడవ?”

“వాడి కోసం వేశాననుకున్నావా?” అంది ఇమ్మా, గొంతు పెంచకుండానే. “మా నాన్న నెల రోజులు నా ముఖం చూడలేదు, తెలుసా? అన్నం పెడితే గోడవైపు తిరిగి తినేవాడు. నీ ఏడుపేదో నా దగ్గరికొచ్చి ఏడిస్తే, జుట్లు పట్టుకుని తేల్చుకునేవాళ్లం. ఊరిని పిలిచావు. ఇప్పుడు జడ్జిగారికి చెప్పుకో.”

ఏడాది పైచిలుకు జైలుశిక్ష పడింది. మొదటి తప్పు కాబట్టి అమలు నిలిపివేశారు, మళ్లీ ఇలాంటిది చేస్తే ఇదీ కలిపి అనుభవించాలన్నారు. ఇమ్మాకు పరిహారం ఇవ్వాలన్నారు. అది కట్టడానికి నున్జియా కొట్టు అమ్మేసి, ఇంట్లోనే ప్యాంట్ల అంచులు మడిచి కుడుతోంది.

ఇమ్మా మళ్లీ షాపులో నిలబడుతోంది. మొదట్లో నవ్విన మగవాళ్లే ఇప్పుడు ఆమె ముందు టోపీ తీసి మందులడుగుతున్నారు. ఈ వేసవిలో ఒక్కతే ఓడెక్కి గ్రీసు చూసొస్తుందట. పక్కింటావిడ ఆ సంగతి చెబుతుంటే నున్జియా కుట్టు ఆపి, ఎన్నాళ్లుంటుందట, ఎవరూ తోడు లేకుండానేనా అని గుచ్చి గుచ్చి అడిగింది. కడుపు మండడానికి ఇప్పుడు కోజిమోతో పని కూడా లేకపోయింది.