కుడి తొడ మీద మోకు

మధ్యాహ్నం రెండింటికి కళింగపట్నం దగ్గర వంశధార గట్టు మీద ట్రక్కు దిగాం. వరద సాయానికొచ్చిన తొమ్మిది మంది జవాన్లం. ఒక రబ్బరు బోటు, రెండొందల మీటర్ల మోకు. తూర్పు గాలి, ఆగని వాన. నది ఎర్రగా, చప్పుడు చెయ్యకుండా పెరుగుతోంది. ఆ చప్పుడు లేకపోవడమే నాకు నచ్చలేదు.

అవతల లంకలో జనం చిక్కుకున్నారు. బోటు వాళ్ళని తెస్తుంది, దానికి కట్టిన మోకు గట్టు మీద నేను పట్టాలి. హవల్దారు ఆర్డరు అంతే. మోకు నడుం చుట్టూ తిప్పి, కుడి కాలు గట్టుకి తన్నిపెట్టి, బరువంతా కుడి తొడ మీద ఆపాలి. నేను జారితే బోటు సముద్రంలోకి పోతుంది.

మూడో రోజుకి తుంటి నుంచి మోకాలి దాకా తొడ బయటి పక్కంతా మంట. కాలు కింద పెడితే ప్రాణం పోతోంది. మా మెడికల్ కుర్రాడు వేళ్ళతో నొక్కి చూశాడు.

"ఎముక కాదన్నా, కండ. ఒకే పక్క మోసి బిగిసిపోయింది. బెల్టు వదులు చెయ్యి, కాపడం పెట్టు, రెండు రోజులు మోకు ముట్టకు."

"హవల్దారుకి చెప్పకురా బాబూ" అని బతిమాలాను. సిగ్గు, ఇంకేం! సాలూరు కొండలెక్కి పెరిగినోణ్ణి, కాలు నొప్పని చెప్పుకుంటానా?

గట్టు మీద మాకు సాయానికొచ్చిన ముసలి జాలరి ఒకాయన ఉండేవాడు. మావా అనేవాళ్ళం. పెద్దవల లాగేటప్పుడు వాళ్ళు మోకుని ఒకే తుంటి మీద ఉంచరు. పెద్దోడు కేకేస్తే అందరూ ఒక్కసారే రెండో తుంటికి పక్క మారతారు. నన్ను చూసి కూడా కేకేశాడు.

"పక్క మార్సు బాబూ! ఒక్క తొడనే నమ్ముకుంటే అది వదిలేస్తాది."

"మాకు ట్రైనింగుంది మావా, నువ్వూరుకో."

"ఏటి ట్రైనింగు? ఆ కాలు సూడు, ఎలా వణుకుతన్నాదో!"

నాలుగో రోజు పొద్దున్న పదకొండున్నర. ఆఖరి ట్రిప్పు. బోటులో పదకొండు మంది. మిగతా జవాన్లు బోటు అందుకోడానికి దిగువకి వెళ్ళారు. గట్టు మీద నేనూ, మావా. వైర్‌లెస్ సెట్‌లో బోటు నడిపేవాడి గొంతు: "మధ్యలో ఉన్నాం. గట్టిగా పట్టు."

తొడ ఒక్కసారి చచ్చుబడింది. కూలబడ్డాను. మోకు నా అరచేతులు కాలుస్తూ జారిపోయింది. మావ దాని మీద పడ్డాడు. నడుముకి చుట్టుకుని, బురదలో కాళ్ళు దింపి నిలబడ్డాడు.

"పక్క మార్సండొరే!"

ఎన్నేళ్ళ అలవాటో ఆ కేక. మారాల్సింది నేనొక్కణ్ణే. లేవలేకపోయాను.

బోటు ఒడ్డు తాకింది. పదకొండు మందీ దిగారు. అప్పుడే గట్టు విరిగి ఆయనతో సహా నదిలో పడింది. జవాన్లు పరుగెత్తుకొచ్చారు, అందరం లాగితే మోకు ఖాళీగా వచ్చింది. రెండు రోజులు సముద్రం ఒడ్డంతా వెతికాం. దొరకలేదు. నా పొగరే ఆయన్ని మింగేసింది, ఇంకెవర్ని అంటాను?

రిటైరై శ్రీకాకుళంలో ఉంటున్నాను. ఆ కాలు కోసమే ఇక్కడ ఒక ఫిజియో అమ్మాయి దగ్గరకి వెళ్తున్నాను. ఎడం పక్కకి పడుకుని, కుడి కాలు నెమ్మదిగా పైకెత్తి దించాలి, పదిసార్లు. నొప్పి తగ్గుతోంది కూడా. పదీ అయ్యాక ఆ అమ్మాయి రోజూ ఒకటే మాట అంటుంది.

"ఇంక పక్క మార్చండి బాబాయ్."

మోకాళ్ళ దాకా బురదలో దిగి, నేనొస్తానని వెనక్కి తిరిగి చూస్తున్న మావ కనిపిస్తాడు.